అడ్వాన్సు

పూల్‌బాగ్ వీధిలో ఇల్లు రేపు అప్పజెప్పాలి.
సామానంతా మినీ లారీ ఎక్కేసింది.
నేనింకా బాత్రూంలోనే ఉన్నాను
గిన్నెడు చింతపండు పులుసుతో.

తవిటినాయుడు మాస్టారు ముందే చెప్పేశారు,
కుళాయిలు తెల్లగా కనిపిస్తే అడ్వాన్సులో కోత అని.
యాసిడ్ పొయ్యకూడదు,
మొజాయిక్కు పాడైపోతుందట.

ఆరేళ్లు ఈ బోరు నీళ్లు
ఇంట్లో ప్రతి అంచునా లెక్క రాసుకున్నాయి.
ఎంతవరకు నింపేవాళ్లమో బకెట్టుకి తెలుసు.
మగ్గు ఎక్కడ బోర్లించేవాళ్లమో గట్టుకి తెలుసు.
షవరుకి ముప్పై ఆరు కళ్లు, తొమ్మిదే ఏడుస్తాయి,
అందులో రెండు తలుపు మీదికి.
పప్పుని ఉడకనివ్వని నీళ్లు.
నా జుట్టు సగం ఈ జాలీలోనే వదిలి పోతున్నాను,
అది మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

మా అమ్మవాళ్లది నాగావళి ఒడ్డు, సంతకవిటి దగ్గర.
అక్కడ సబ్బు రాసుకుంటే ఒక పట్టాన వదలదు,
పది చెంబులు పోసుకున్నా వీపు జారుతూనే ఉంటుంది.
ఈ ఇంటికొచ్చిన మొదటిరోజు
ఒక్క చెంబుతో సబ్బంతా పోతే
అబ్బ, ఎంత మంచి నీళ్లో అనుకున్నాను.

దాలమ్మ వచ్చింది, నాలుగిళ్ల గిన్నెలు తోమేసి.
చేతిలో పాత బనీను గుడ్డలు, పిండేసిన నిమ్మచెక్కలు.
"తోమకమ్మా, గీతలడిపోతాయి.
గుడ్డ తడిపి కుళాయికి కట్టీ, దెబ్బకి కట్టినట్టు.
ఒక సినిమా అంతసేపు ఒగ్గీ."

కట్టాం. ప్రతి కుళాయికీ ఒక పట్టీ.
ఇల్లంతా పెద్దాసుపత్రి వార్డులా ఉంది.

వంటింట్లో నాపరాయి గట్టు మీద
నిమ్మచెక్క పెట్టబోతే చెయ్యి పట్టేసింది.
"దానికి పులుపు తగలనీకు.
అదీ సున్నమే, తినేస్తది."

అప్పుడు చూశాను ఆ గట్టుని,
ఆరేళ్లు కూరలు తరిగిన చోటుని.
ఇదీ ఏదో పాతకాలపు నీళ్ల మరకేనన్నమాట.
ఎవరూ తుడవకపోతే మరక రాయైపోతుంది.
దాన్ని కోసి, మెరుగు పెట్టి,
అడుగుకింతని అమ్ముతారు.

పట్టీలు విప్పాం.
ఉడికిన గుడ్డు పెంకులా తెల్లదనం ఊడొచ్చింది.
కింద కుళాయి కంపెనీ పేరు,
నేనెప్పుడూ చదవని నాలుగక్షరాలు.

ఆఖరికి అద్దం మిగిలింది.
కింది మూల తెల్లటి పొక్కులో ఏదో గోటికి తగిలింది.
బొట్టుబిళ్ల. మెరూన్ రంగు.
నేను మెరూన్ పెట్టుకోను.
నాకు ముందున్నావిడది అయ్యుంటుంది.
ఆవిడ పేరు గ్యాసు కాగితం మీద ఒకసారి చూశాను, హైమావతి.
ఆవిడకీ పెట్టే ఉంటారు ఈ గడువు.
ఇంతదాకా తుడుచుకుంటూ వచ్చి
ఈ మూలకి అలిసిపోయి ఉంటుంది.

బిళ్ల ఊడింది. దాని వెనక
పావలా అంత అద్దం,
నీటిచుక్క ఎరగనిది.
అందులో ఒక్క కన్ను పట్టింది.
నా కన్ను నలుపు కాదు, ముదురు గోధుమ రంగు.
ఆరేళ్లలో మర్చిపోయాను.

మాస్టారు వచ్చి వేలితో రాసి చూశారు.
కుళాయిలో మొహం కనిపిస్తే మీసం సర్దుకున్నారు.
మేకుల కన్నాలకి ఐదొందలు పట్టుకుని
మిగతాది రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చారు.
"ఏమేసి తోమేరమ్మా?"
దాలమ్మ దానికి జవాబు చెప్పలేదు.
"కొత్తోలు ఎప్పుడొస్తారు బాబూ?" అంది,
నిమ్మచెక్కలు కవర్లో కట్టుకుంటూ.

పార్వతీపురం బస్సులో కూర్చున్నాక
సీసా మూత తీశాను.
కొత్తింటి నీళ్లు, మా ఆయన మొన్న పట్టి తెచ్చారు.
ఒక గుక్క నాలిక మీద కాసేపు ఉంచాను.
ఏమీ తేల్చుకోలేకపోయాను.
వేళ్లింకా ముడతలు విప్పుకోలేదు.